ఒకే అట్టలో గ్రహణమూ, వానా

మన విమర్శకులు నవలలను చదువుతారు, కవితా సంపుటాలను చదువుతారు, పంచాంగాన్ని మాత్రం చదవరు. చదవవలసిన పుస్తకమది. తెలుగునాట ఏటా అచ్చయ్యే పుస్తకాలలో ఇంతగా ఇళ్లలోకి పోయేది మరొకటి వుందనుకోను. మార్కాపురంలోగాని, కంభంలోగాని, గిద్దలూరులోగాని ఉగాదినాడు గుడిలో పంచాంగ శ్రవణానికి వచ్చేవాళ్లు సాహిత్యం కోసం రారు. కంది వేయాలా, పత్తి వేయాలా, ఈ ఏడైనా బోరు వేయాలా అన్న ప్రశ్న కడుపులో పెట్టుకుని వస్తారు.

ఆ పుస్తకంలో ఒకచోట, ఫలానా తేదీన గ్రహణం, స్పర్శకాలం ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు, మోక్షకాలం ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు అని వుంటుంది. మరికొన్ని పుటలు తిప్పితే, ఈ సంవత్సరానికి రాజు ఫలానా గ్రహం, మేఘాధిపతి ఫలానా గ్రహం, వర్షం ఇన్ని తూములు, అందులో సముద్రానికి ఇన్ని పాళ్లు, పర్వతాలకు ఇన్ని, భూమికి ఇన్ని అని వుంటుంది. ఇంకా తిప్పితే ఎవరి రాశికి ఎంత ఆదాయమో, ఎంత వ్యయమో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో అంకెలతో సహా వుంటుంది. విమర్శకుడు పట్టుకోవలసింది ఇక్కడ భాషను. మూడుచోట్లా ఒకటే క్రియ, ఒకటే కాలం, ఒకటే నిబ్బరం. గ్రహణము కలుగును, వర్షము కురియును, ధనలాభము కలుగును. "బహుశా" అనే మాటకు పంచాంగంలో చోటు లేదు. భూమికి ఇన్ని పాళ్లు అన్నప్పుడు ఆ భూమి కోనసీమా, గిద్దలూరా అని కూడా చెప్పదు.

గ్రహణం చెప్పిన నిమిషానికి పట్టింది. విడుస్తుందన్న నిమిషానికి విడిచింది. ఊరందరూ కళ్లారా చూశారు. అంత సూక్ష్మం చెప్పిన పుస్తకం వాన సంగతి చెప్పలేదా అని రైతు అనుకుంటే, దాన్ని మూఢత్వం అని కొట్టిపారెయ్యడం మన ఉపన్యాసకులకు అలవాటు. ఆ రైతు తర్కంలో పెద్ద లోపం లేదు. ఒక సంగతిలో నిజం చెప్పిన సాక్షిని రెండో సంగతిలో నమ్మడం లోకవ్యవహారమే. మోసమంతా ఆ రెంటినీ ఒకే అట్టలో కుట్టిన చోట వుంది. గ్రహణం సంపాదించిన పరువును వాన ఖర్చు పెడుతున్నది.

గ్రహణానికి ఆ పరువు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. భూమి, చంద్రుడు, సూర్యుడు - మూడు పెద్ద వస్తువులు, వాటి మధ్య ఖాళీ, వాటిని నడిపే ఆకర్షణ ఒక్కటే. రాపిడి లేదన్నంత తక్కువ. ఇంత సుఖమైన లెక్క ప్రకృతిలో అరుదు. అయినా దాన్ని కూడా ఆకాశం వైపు చూడకుండా గదిలో కూర్చుని కడుతూపోతే చెడుతుంది. సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సరం 365.258756 రోజులు. ఋతువుల ప్రకారం అది 365.2422. తేడా సుమారు 24 నిమిషాలు. ఏడాదికి 24 నిమిషాలంటే ఎవరికి పట్టింది? కాని పధ్నాలుగు వందల ఏళ్లలో అది 23 రోజులయింది. డిసెంబరు 21, 22 తేదీలకే సూర్యుడు ఉత్తరానికి తిరుగుతుంటే మనం జనవరి 14, 15 తేదీలలో ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేస్తున్నాం. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో ఈ లెక్కంతా వుంది. దాని ఫలితంగా 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అది గవర్నమెంటు గెజిట్టు మీద వుంది, జనం వాడుకలోకి రాలేదు.

అంతకు చాలా ముందే మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి, చూపుకు సరిపోయే గణితం కావాలని, అంటే దృగ్గణితం కావాలని, సంప్రదాయ పంచాంగకర్తలతో పోరాడాడు. ఆకాశంలో కనబడేదానికీ, పుస్తకంలో వున్నదానికీ తేడా వస్తే ఆకాశాన్నే నమ్మాలన్నది ఆయన పక్షం. ఇవాళ దృక్ పంచాంగాలు అమ్ముడుపోతున్నాయంటే ఆ పోరాటం కొంత గెలిచిందనే అనాలి. అయితే గెలిచింది తిథులకూ, గ్రహణాలకూ మాత్రమే. తూముల లెక్క జోలికి దృగ్గణితం పోలేదు. మేఘాధిపతిని ఏ దూరదర్శినితో చూస్తారు?

ఆ రఘునాథాచారి 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వనపర్తి నుంచి పరిశీలించాడు. అదే గ్రహణం కోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఇంగ్లీషు ప్రభుత్వం తరఫున టెన్నంట్ గుంటూరు చేరారు. ఎక్కడ నిలబడాలో, ఎన్ని గంటలకు నీడ వచ్చి పడుతుందో వాళ్లకు ముందే తెలుసు. సముద్రాలు దాటి వచ్చి చెప్పిన చోట, చెప్పిన వేళకు నిలబడితే సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా మాయమయ్యాడు. ఇంతవరకూ జోస్యం. ఆ అయిదు నిమిషాలలో సూర్యుని అంచున లేచే జ్వాలలను వర్ణపటంలో చూసినవారికి, సోడియం గీతకు దగ్గరగా ఒక పసుపుపచ్చ గీత కనబడింది. అది సోడియానిది కాదని తరువాత తేలింది. ఇంగ్లండులో అదే సంవత్సరం అక్టోబరులో గ్రహణం లేకుండానే ఆ గీతను చూసిన నార్మన్ లాక్యర్, ఇది భూమి మీద మనమెరగని మూలకమని వాదించాడు. హీలియం అని పేరొచ్చింది. 1895లో రామ్జే దాన్ని భూమి మీదనే పట్టుకున్నాడు. గ్రహణం వస్తుందని లెక్క చెప్పింది, హీలియం వుందని ఏ లెక్కా చెప్పలేదు. ముందుగా చెప్పగలగడమే సైన్సు అనే మాట మన పత్రికలలో తరచు కనిపిస్తుంది గనక ఇది గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఆగితే ఇది సైన్సు విజయగాథ అవుతుంది. ఆగడానికి వీల్లేదు. ఎందుచేతనంటే ఆ లాక్యరే, సరిగ్గా తొమ్మిదేళ్లకు, పంచాంగకర్త చేసిన పనే చేశాడు.

1876-78 కరువు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టింది. మార్కాపురం, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోవి (1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనే వున్నాయి). 1871 జనాభా లెక్కకూ, 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగోవంతు తగ్గిపోయారు. ఈ నాలుగోవంతు అన్న మాటను పాఠకులు రెండుసార్లు చదవాలి. నలుగురున్న ఇంట్లో ఒకరు. వానలు పోయిన మాట నిజమే. కాని ఆ రోజుల్లోనే ఈ దేశంనుంచి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండు పోతూనే వున్నది. వైస్రాయి లిట్టన్ ధరల్లో జోక్యం చేసుకోనన్నాడు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, సహాయపు పనుల్లో రాళ్లు కొట్టే మనిషి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి దించాడు. ఆ తిండితో ఆ పని చేసేవాడు బతకడని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ వాదిస్తే, ఖజానా గెలిచింది.

ఆ 1877లోనే లాక్యర్, విలియం హంటర్‌తో కలిసి లండను పత్రికలో సూర్యుని మచ్చలకూ, కరువులకూ సంబంధాన్ని గురించి వ్యాసం ప్రచురించాడు. హంటర్ ఇక్కడి గవర్నమెంటు గణాంకశాఖకు పెద్ద. సూర్యునిపై మచ్చలు పదకొండేళ్లకొకసారి హెచ్చి తగ్గుతాయనీ, మచ్చలు తగ్గినప్పుడు మద్రాసులో వానలు తగ్గుతాయనీ, కరువులకు మూలం అక్కడ వుందనీ వాళ్ల వాదం. గుంటూరు సూర్యుడు హీలియం ఇచ్చాడు, మద్రాసు సూర్యుని మీద నేరం మోపారు. లాక్యర్ దుర్మార్గుడని నేననడంలేదు. పదకొండేళ్ల చక్రాన్ని నిజంగానే నమ్మి వుంటాడు. కాని ఆ నమ్మకానికి అప్పుడు ఎంత గిరాకీ వుందో చూడండి. కరువు తప్పు సూర్యునిదైతే ధాన్యపు ఓడలది కాదు, ఒక పౌను కూలిది కాదు. ఖగోళశాస్త్రం గ్రహణాలతో సంపాదించిన పరువు పోయి పోయి లిట్టన్ ఖజానాకు జమ అయింది. తరువాత గిల్బర్ట్ వాకర్ లెక్కలు కట్టి చూస్తే మచ్చలకూ మన వానకూ ఆధారపడదగిన సంబంధం ఏమీ తేలలేదు. అప్పటికి నాలుగోవంతు జనం పోయి తరం దాటింది.

వాకర్ కథ మరో రకం. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. 1886లో బ్లాన్ఫర్డ్ హిమాలయాల మంచును చూసి ఋతుపవనాన్ని గురించి మొదటి అధికారిక అంచనా ప్రకటించాడు. మంచు ఎక్కువైతే వాన తక్కువ. కొన్నేళ్లు కుదిరింది, కొన్నేళ్లు కుదరలేదు. 1904లో ఆ శాఖ పగ్గాలు పట్టిన వాకర్ కేంబ్రిడ్జి గణితవేత్త. ఈ వాన ఎందుకు వస్తుందో మనకు తెలియదని ఒప్పుకుని, ప్రపంచంలో ఎక్కడెక్కడి ఉష్ణానికీ, వాయుపీడనానికీ మన వానతో పొత్తు కుదురుతుందో గుమాస్తాల చేత చేతి లెక్కలు వేయించాడు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద పీడనం తక్కెడలాగా అటూ ఇటూ ఊగుతున్నదని కనిపెట్టాడు. ఎల్ నినో అని ఇవాళ పత్రికలు రాసేదానికి గాలి వైపు ముఖమది. అయినా ఆ తక్కెడ చేతిలో వుంటే వాన చేతిలో వున్నట్టు కాదు. 1997లో బలమైన ఎల్ నినో వచ్చింది, అందరూ కరువని భయపడ్డారు, దేశం మొత్తం మీద సగటులో 102 శాతం వాన పడింది. 2002లో పదహారు అంశాల సమీకరణంతో శాఖ 101 శాతం అని చెప్పింది. పడింది 81. ఆ జూలై నెలలో అయితే పడవలసినదాంట్లో సగమే పడింది. 2009లో జూన్‌లో 93 శాతం అన్నది 78కి దిగింది.

ఈ అంకెలు చూపి, చూశారా మీ సైన్సు అని నవ్వే పండితులున్నారు. వాళ్లు గమనించని దొకటుంది. ఈ తప్పులు మనకెలా తెలిశాయి? శాఖ ముందుగా అంకె చెప్పింది, దానికి ఇటూ అటూ ఇంత తేడా వుండవచ్చని కూడా చెప్పింది, తరువాత పడిన వానను కొలిచి ప్రకటించింది, తప్పిన సమీకరణాన్ని 2003లో మార్చింది. తూముల వర్షం ఏ సంవత్సరం తప్పిందో ఏ పంచాంగమైనా మరుసటి ఉగాదినాడు ప్రకటించిందా? తప్పడానికి వీల్లేకుండా చెప్పిన మాట అది. సముద్రం మీద ఇన్ని పాళ్లు పడిందో లేదో ఎవడు కొలవాలి?

అయితే పండితులకు జవాబు చెప్పినంత మాత్రాన పని అయిపోలేదు. వాన లెక్క గ్రహణం లెక్కలాగా ఎందుకు కుదరదు? కొలతలు చాలకనా, యంత్రాలు చాలకనా? చాలాకాలం అలాగే అనుకున్నారు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు తన కంప్యూటరు కట్టిన లెక్కనే మళ్లీ మధ్యలోనుంచి కట్టించాలని, యంత్రం అచ్చువేసిన 0.506 అనే అంకెను తిరిగి ఎక్కించాడు. యంత్రం కడుపులో వున్నది 0.506127. తేడా వెయ్యింట ఒకవంతు కూడా లేదు. మొదట రెండు లెక్కలూ కలిసి నడిచాయి. పోగాపోగా ఒకదానికొకటి ఏమీ కాకుండా పోయాయి. సమీకరణాలు అవే, అదృష్టం ప్రసక్తి లేదు, దేవుడి ప్రసక్తి లేదు. 1963లో ఆయన ప్రచురించిన దాని సారాంశం ఇది: కొన్ని వ్యవస్థల్లో మొదటి కొలతలోని చిన్న తేడా ఇంతింతై పెరిగి మొత్తాన్ని మింగేస్తుంది. కొలత ఎంత మెరుగుపడ్డా మనకు దక్కేది కొన్ని రోజుల గడువు మాత్రమే. రోజువారీ వాతావరణానికి ఆ హద్దు సుమారు రెండు వారాలని అంచనా. ఋతువు మొత్తపు సగటు వేరు. అది సముద్రపు వేడి లాంటి మెల్లగా మారే వాటిని పట్టుకుని వుంటుంది గనక దాన్ని గురించి కొంత ముందుగా చెప్పవచ్చునని చార్నీ, శుక్లా 1981లో వాదించారు. కొంత మాత్రమే. దేశానికి 96 శాతం అన్న అంకెలో గిద్దలూరు మండలం వాటా ఎంతో ఆ అంకె చెప్పలేదు.

గ్రహాలకు కూడా ఈ జబ్బు వుంది. పాయింకరే పందొమ్మిదో శతాబ్దం చివరలోనే పసిగట్టాడు. లాస్కర్ 1989లో లెక్క తేల్చాడు. ఇవాళ భూమి వున్నచోటును 15 మీటర్లు తప్పుగా కొలిస్తే, పదికోట్ల ఏళ్ల తరువాత అది తన కక్ష్యలో ఎక్కడుంటుందో చెప్పలేం. గ్రహణాలకూ వానకూ తేడా జాతిలో లేదు, గడువులో వుంది. ఒకదానికి కోట్ల ఏళ్లు, రెండోదానికి రెండు వారాలు.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. మన సైన్సు వ్యాసాలలో, అభ్యుదయ సభలలో లాప్లాస్ తరచు దర్శనమిస్తాడు. విశ్వంలోని ప్రతి కణం స్థితీ తెలిసిన బుద్ధికి భూతభవిష్యత్తులు రెండూ కళ్లముందుంటాయని ఆయన 1814లో రాసినదాన్ని చెప్పి, దానిమీద చరిత్ర అనివార్యత అనే మేడ కడతారు. రేపు సూర్యోదయమెంత నిశ్చయమో సామ్యవాదం అంత నిశ్చయమని కుర్రవాళ్ల చేత చప్పట్లు కొట్టిస్తారు. లాప్లాస్ ఆ మాట రాసింది సంభావ్యత మీద రాసిన పుస్తకంలో అని ఎవరూ చెప్పరు. అటువంటి బుద్ధి మనకు లేదు గనకనే సంభావ్యత నేర్చుకోవాలి అన్నది ఆయన వాదం. మన ఉపన్యాసకులు పీఠిక చదివి పుస్తకం మూసేశారు. 1986లో జేమ్స్ లైట్‌హిల్ అనే బ్రిటిష్ గణితవేత్త, న్యూటను సూత్రాలకు లోబడినవన్నీ ముందుగా చెప్పదగినవేనని చదువుకున్న లోకాన్ని ఇన్నాళ్లు తప్పుదోవ పట్టించినందుకు తన శాస్త్రజ్ఞులందరి తరఫునా బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. భౌతికశాస్త్రమే వదులుకున్న ధీమాను దాని పేరుతో మనం ఇంకా మోస్తున్నాం. భౌతికవాదానికి కార్యకారణ సంబంధం కావాలి, నిజమే. కారణం వుండడం వేరు, ఫలితాన్ని ముందుగా చెప్పగలగడం వేరు. లోరెంజ్ యంత్రంలో కారణం లేని అంకె ఒక్కటి లేదు.

రెండోవైపువారు ఇంకా తెలివైనవాళ్లు. 1927లో హైజెన్బర్గ్ అనిశ్చితత్వ సూత్రం చెప్పాడు గనక సైన్సు ఓడిపోయింది, కాబట్టి ఆత్మ వుంది, కాబట్టి మీ జాతకం చూపించుకోండి అంటారు. రేడియంలో ఒక పరమాణువు ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేని మాట నిజం. కాని పిసరంత రేడియంలో సగం పరమాణువులు సుమారు 1600 ఏళ్లలో పగులుతాయన్నది ఏ ఆత్మా మార్చలేదు. అదే క్వాంటం సిద్ధాంతం ఎలక్ట్రాను అయస్కాంత శక్తికి సంబంధించిన ఒక సంఖ్యను కట్టి ఇస్తే, ప్రయోగశాలలో కొలిచినదానితో 1.00115965218 దాకా అంకెకు అంకె కలిసింది. మానవజాతి చెప్పిన జోస్యాలలో ఇంత సూక్ష్మమైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అనిశ్చితత్వం పునాదిగా గల శాస్త్రమే ఆ పని చేసింది.

ఈ చర్చ పశ్చిమ ప్రకాశంలో గాలిలో మాట కాదు. బోరు దగ్గర అది డబ్బు. కంభం పలకరాతి నేల ఇది. మార్కాపురం పలకలు పుట్టింది అందులోనుంచే. ఆ రాతిలో నీళ్లు చెరువులాగా పరుచుకుని వుండవు. పగుళ్లలో వుంటాయి, పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాడు, కాయ లేచి నిలబడ్డచోట "ఇక్కడ పడుతుంది" అంటాడు. విద్యుత్ నిరోధం కొలిచే యంత్రంతో వచ్చిన భూగర్భశాస్త్రజ్ఞుడు "ఇక్కడ పడే అవకాశం మిగతాచోట్ల కంటే ఎక్కువ" అంటాడు. రైతుకు మొదటి మాటే నచ్చుతుంది. నచ్చక ఏం చేస్తుంది? అప్పిచ్చేవాడు వడ్డీని "అవకాశం" మీద కట్టించుకోడు గదా! బోరు ఎండినా వడ్డీ ఎండదు. శాస్త్రజ్ఞుడు నిజాయితీగా చెప్పిన ఆ అనిశ్చితిని మోసేది రైతు ఒక్కడే అయినప్పుడు, నిశ్చయంగా అబద్ధం చెప్పేవాడి దగ్గరికి అతను పోతాడు. కొబ్బరికాయను వెక్కిరించే మన కరపత్రాలు ఈ వడ్డీ సంగతి రాయవు.

తప్పు ఎవరి నెత్తిన పడాలి అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో పాత జవాబొకటి వుంది. కంభం చెరువు. పదహారో శతాబ్దంలో, కృష్ణదేవరాయల రాణి గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ పేరు మీద చెప్పుకునే ఆ చెరువు, గుండ్లకమ్మ కొండల మధ్యనుంచి బయటికి వచ్చే ఇరుకులో వేసిన కట్ట. ఈ ఏడు ఎన్ని తూములు పడుతుందో తెలిసినవాడు చెరువు కట్టడు. తెలియనివాడు కడతాడు. పడిన ఏటి నీళ్లు పడని ఏటికి దాచడం, ఒక మడి ఎండితే నష్టం ఆయకట్టు అంతా పంచుకోవడం.

కొత్త జవాబు వెలిగొండ. కృష్ణ వరద రోజుల్లో శ్రీశైలం జలాశయంనుంచి నల్లమల కింద సుమారు 19 కిలోమీటర్ల రెండు సొరంగాల గుండా 43.5 టీఎంసీల నీళ్లు ఇటు తేవాలని పథకం. ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా అయింది. అప్పటికి కాలువ పనులూ, మునిగే ఊళ్ల ప్రజల పునరావాసమూ మిగిలే వున్నాయి. ఈ మధ్యకాలంలో ప్రకటించిన గడువులు ఒకదాని వెనుక ఒకటి దాటిపోయాయి. సొరంగం రోజుకు ఎన్ని మీటర్లు నడుస్తుందో, ఎంత సిమెంటు కావాలో, ఏ ఊళ్లు మునుగుతాయో, ఆ కుటుంబాలకు ఎంత చెల్లించాలో, ఇవన్నీ లోరెంజ్ హద్దుకు లోబడినవి కావు. గ్రహణంలాగా కట్టదగిన లెక్కలు. వాన తప్పినప్పుడు ఋతుపవనం మన చేతిలో లేదని అధికారులు చెప్పే మాట నిజమే, కాని ఈ గడువులు తప్పినప్పుడూ వాళ్లు అదే గొంతుతో మాట్లాడతారు.